గుర్తు లేని గుండు

అనగనగా, విల్లు గొప్పదా తుపాకీ గొప్పదా అన్న తగువు ఇంకా తెగని రోజుల్లో, ఒక కొండవాగు పక్కన వేటగాళ్ల గూడెం ఉండేది. అక్కడ బయ్యన్నను మించిన విలుకాడు లేడు. పాపం, అది పాతమాట. అతని కుడిభుజం పట్టేసి మూడేళ్లయింది. నారిని చెవిదాకా లాగలేడు. అయినా దూలానికి వేలాడే విల్లును రోజూ దించి, నూనె రాసి, నారిని ఒక్కసారి మీటి, ఆ మోత ఆగేదాకా వినేవాడు. మళ్లీ ఒక్కసారి వేటకు పోవాలని అతని ప్రాణం కొట్టుకునేది.

ఆ గూడేనికొక కట్టడి ఉంది. ప్రతివాడూ తన బాణం మీద తన గుర్తు చెక్కుకోవాలి. ఎవరి బాణం తగిలిన జంతువు గాయంతో పారిపోతుందో, వాడు దాన్ని వెతికి, దాని బాధ తీర్చేదాకా తన గడప తొక్కకూడదు.

ఆ ఏడు ఒక పెద్ద అడవిదున్న జొన్నచేలమీద పడింది. రాజు వీరకేతు స్వయంగా వచ్చి, ఓడవర్తకుల దగ్గర కొన్న చేతితుపాకీని బయ్యన్నకిచ్చాడు.

"దీనికి భుజబలంతో పనిలేదు, బయ్యన్నా! వేలు కదిపితే చాలు. దున్నను పడగొట్టు, నిన్ను వేటనాయకుణ్ణి చేస్తాను."

మూడేళ్ల తర్వాత మళ్లీ వేట! ముసలాడికి సంతోషంతో కాళ్లు నేలమీద నిలవలేదు. విల్లయితే జంతువుకు ఇరవై అడుగుల దగ్గరికి పాక్కుంటూ పోయేవాడు. తుపాకీకి అంత కష్టమెందుకులే అనుకుని అవతలి గట్టున మేస్తున్న దున్నను వాగు ఇవతలి గట్టునుంచే కాల్చాడు. ఢామ్మని మోగింది. కొంగలన్నీ లేచిపోయాయి. దున్న కుంటుకుంటూ వెదురుపొదల్లోకి పోయింది.

"పోతే పోయింది, ఇక చేలోకి రాదు. పద, వేటనాయకుడి తలపాగా చుట్టిస్తాను" అన్నాడు రాజు.

"దానికి గాయమైంది, మహారాజా. నేను ఇంటికి పోకూడదు."

తోటి వేటగాళ్లు నవ్వారు. "కట్టడి బాణానికి గదా, అన్నా! గుండుమీద నీ గుర్తుందా ఏమిటి?"

"గుండుమీద లేదు. కాల్చిన చెయ్యి మాత్రం నాదే" అని బయ్యన్న అడవిలోకి నడిచాడు.

మొదటిరోజు రాతినేలమీద నెత్తుటిజాడ తప్పింది. సాయంత్రం పొలిమేరకు వస్తే భార్య సింగమ్మ అంబలి తెచ్చింది. అక్కణ్ణుంచి తన ఇంటి పొగ కనబడుతుంటే అతని కళ్లు చెమర్చాయి.

రెండోరోజు దున్న దూరంగా కనబడింది. తుపాకీ ఎత్తాడు. ఇక్కణ్ణుంచి కొడితే ఇంకో గాయమే అవుతుందని దించేశాడు. అంతలో అది కదిలిపోయింది.

"విల్లుకు నూనె రాస్తున్నా, మావా" అంది సింగమ్మ ఆ సాయంత్రం. "నారి మాత్రం మీటలేదు. అది నువ్వొచ్చి మీటాలి." బయ్యన్న అంబలి ముంత ఆమె చేతికిచ్చి మళ్లీ అడవిదారి పట్టాడు.

మూడోరోజు బూడిద ఎగరేసి గాలివాటు చూసుకున్నాడు. వెనకటి రోజుల్లోలా బోర్లాపడి పాకాడు. దున్న ఇప్పచెట్టు కింద పడుకుని రొప్పుతోంది. ఇరవై అడుగుల దూరంనుంచి దాని కంట్లో నీరు కనబడింది. "మన్నించు తల్లీ" అని కాల్చాడు. ఒక్క గుండుతో దాని బాధ తీరింది. ఎంతసేపు ఏడ్చాడో అతనికే తెలియదు.

తుపాకీ తిరిగిచ్చేస్తుంటే రాజు అడిగాడు: "అయితే విల్లే గొప్పదంటావా?"

"దగ్గరికి పోయేవాడికి రెండూ ఒకటే, మహారాజా. దీని తప్పేమీ లేదు. నడక మానుకున్న తప్పు నాది."

రాజు తన చేతులతోనే అతనికి తలపాగా చుట్టాడు. తుపాకీగుండుకూ అదే కట్టడి అని ఆ రోజే చాటించాడు.

బయ్యన్న ఇల్లు చేరి, గడప తొక్కి, విల్లు దించాడు. ఇక దాన్ని ఎన్నడూ లాగలేడని తెలుసు. అయినా నారి మీటాడు. సింగమ్మా అతనూ ఆ మోత ఆగేదాకా విన్నారు.

చేసిన పనిమీద మన గుర్తు లేకపోయినా, ఆ పని మనదే; దాన్ని సరిదిద్దే భారమూ మనదే.