పచ్చనీళ్ళు పోసిన అసిరమ్మ

అనగనగా, సముద్రం ఒడ్డున ఇసకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో అసిరమ్మని ఒక కోడలుపిల్ల. దాని మొగుడు దానయ్య. ఊఁ కొట్టండర్రా, లేకపోతే నేను పడుకుంటాను.

సముద్రం ఎప్పుడూ ఒకే రంగుంటుందనుకున్నారా? ఉండదు. వానలు పడి, ఏరు పొంగి వచ్చి కలిసిందంటే పచ్చబడుతుంది. ఆ పచ్చంతా కంటికి ఆనని నాచు. నాచు కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు, పెద్ద చేపల కోసం మన పడవలు. ఆ పచ్చ పోయి నీలంగా తేరుకుందా, వలేస్తే నీళ్ళే. అలాంటప్పుడే దానయ్య చేపలున్న దూరదేశం పోయాడు. పోతూ పోతూ, మన నీళ్ళు పచ్చబడగానే వచ్చేస్తానే అన్నాడు.

అంత దూరాన వాడికెలా తెలుస్తుందంటావా? మనుషులే చేసి ఆకాశంలోకి పంపిన చుక్క ఒకటుంది కదా, ఉపగ్రహమంటారు. ఏ ఒడ్డున నీళ్ళు ఏ రంగున్నాయో చూడ్డమే దాని పని. అది చెప్పిందల్లా పడవల మీద రేడియోలో వినిపిస్తుంది.

ఆ ఏడు వానల్లేవు. అసిరమ్మ పొద్దున చూస్తే నీలమే, సందేళ చూస్తే నీలమే. గంజి సయించదు, నిద్ర పట్టదు. బెంగ నాయనా, ఉత్త బెంగ. మనిషి సగమైపోయింది. పిచ్చిది, ఏం చేసిందో తెలుసా? కానుగాకు కోసింది, రోట్లో దంచింది, కడవలో కలిపింది, సముద్రంలో పోసింది. కోసింది, దంచింది, కలిపింది, పోసింది. చేతులు బొబ్బలెక్కినా మానలేదు. ఊఁ అంటున్నారా?

పైనున్నదానికి ఆకు పసరేదో నాచేదో ఏం తెలుసు? పచ్చబడిందహో అని చెప్పేసింది. దానయ్య పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే వలేశాడు. చేప లేదు, రొయ్య లేదు, వలంతా కానుగాకు కంపు. అసిరమ్మ బావురుమని జరిగిందంతా చెప్పేసింది. తిడతాడనుకుంది. వాడు దాని చేతులు పట్టుకుని చూసుకున్నాడు.

"రమ్మని ఒక్క మాట కబురంపితే రానా?" అన్నాడు.

"చేపల్లేకపోయినా వస్తావేటి?" అంది.

"వెళ్ళింది చేపల కోసమే. వచ్చేది కూడా చేపల కోసమేటే, పిచ్చిదానా?"

ఇంక గంజి తాగుతూ ఇద్దరూ ఒడ్డునే ఉన్నారు. తర్వాత వానలు పడ్డాయి, ఏరొచ్చింది, అసలు పచ్చొచ్చింది, గంపలు నిండాయి. ఊరంతా చల్లగా ఉంది.

అందుకే చెప్తున్నా. గుజరాత్ పడవ మీదున్న మీ నాన్నతో నిన్న ఫోన్లో సైకిలు కావాలన్నారు, బూట్లు కావాలన్నారు. మీ అమ్మేమో ఇక్కడంతా బాగానే ఉందంది. పాపం, రమ్మని ఒక్కరూ అనలేదు. రేపు అనండి. సరే, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.