గవరమ్మ ఇంటి బేరం

దళారి లేకుండా ఇల్లు అమ్మకూడదని ఒక పట్నంలో రాజుగారి కట్టడి. దాంతో ఆ వీధికంతా ఒక్కడే దళారి అయిన సోమలింగం ఆడింది ఆట.

అద్దకం పనిచేసే గవరమ్మ ఇల్లు అమ్మేసి, రేవుపట్నంలో పని దొరికిన భర్త దగ్గరికి వెళ్లాలనుకుంది. సోమలింగం వచ్చి గోడ గోకి చూశాడు. "కూలే కొంప. నువ్వు కాబట్టి సగం ధరకు నేనే తీసుకుంటా" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా "రేపు రా" అనేవాడు. తిరిగి తిరిగి గవరమ్మకు ప్రాణం విసిగిపోయింది.

చివరికి పొరుగూరి నుంచి అన్న పైడయ్యను పిలిపించి, కొనేవాడిలా పంపింది. సోమలింగం అతన్ని తిన్నగా ఆమె ఇంటికే తీసుకొచ్చి, "ఏనుగు గుద్దినా కదలని గోడలు" అంటూ రెట్టింపు ధర చెప్పాడు.

"పరాయివాణ్ణి. ఇదే మాట వీధి పెద్దల ముందు చెబితే నమ్ముతా" అన్నాడు పైడయ్య.

దళారి ఆశకొద్దీ పెద్దల్ని పిలిచి, ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

గవరమ్మ లోపలి నుంచి వచ్చింది. "ఈయన మా అన్న. మొన్న నా ఇంటిని సగం ధరకు మీరే అడిగారు. ఇంత గట్టిదని తేలింది కదా, ఈ ధరకు కొనండి."

"అంత ధర ఎవరు పెడతారమ్మా?" అని నసిగాడు సోమలింగం.

"అయితే ఇప్పుడు చేసిన ప్రమాణం?"

పెద్దలు అతని వైపే చూస్తున్నారు. ప్రమాణం తప్పిన దళారికి మరి బేరాలుండవు.

"నాకు రెట్టింపు వద్దు. తగిన ధర ఇప్పించండి" అంది గవరమ్మ. పెద్దలు చెప్పిన ధరకు సోమలింగం అక్కడే సొమ్ము లెక్కపెట్టి కొన్నాడు.

మర్నాడే ఆమె బండెక్కింది. దళారి మీద కోపం మాత్రం రేవు చేరేదాకా చల్లారలేదు.