చెమ్మ పట్టిన మందు

తిరువేంగడాచార్యులవారు పద్యానికి అర్థం చెప్పించుకునేటప్పుడు శిష్యుడు తడబడితే అందించేవారు కాదు. "ఈ మాట దేనికి చెందింది?" అని ఒక్కటే అడిగి, ఎంతసేపైనా కాచుకుని కూర్చునేవారు. పిల్లలు ఆ పాదాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటూ బిక్కమొహాలు వేసేవారు. వారి దగ్గర చదువు ముగించి, అక్కడే చిన్నవాళ్లకు వ్యాకరణం చెబుతున్న భావనారాయణకు అది చూడలేని పని. ఒకనాడు ఒక పిల్ల అన్వయం కుదరక కళ్లనీళ్లు పెట్టుకుంటే ఉండబట్టలేక అడిగాడు.

"అర్థం మనకు తెలుసు గదండీ. చెప్పేస్తే ఏం పోయింది?"

ఆచార్యులవారు తామెరిగిన లక్కన్న అనే వైద్యుడి సంగతి చెప్పారు.

లక్కన్న వైద్యాన్ని పద్యాల్లో నేర్చుకున్నవాడు. ఆయన గురువు దయాళువు. శిష్యుడు ఆగితే చాలు, వెనకనుంచి అర్థం అందించేవాడు. "చెమ్మ పట్టిన మందు మానవలయు" అన్న పాదానికి, తేమ తగిలి పాడైన మందు వాడరాదని చెప్పాడు. లక్కన్న అదే వల్లె వేశాడు. మందులు తడి తగలకుండా ఎండబెట్టుకుంటూ ఏళ్ల తరబడి వైద్యం చేశాడు.

ఒక వేసవిలో సూరమ్మ అనే ఆవిడ కూతురికి విషజ్వరం తగిలింది. రెండు మాత్రలు పడ్డాయి. మూడోది తేనెలో అరగదీసి లక్కన్న పిల్ల నోటి దగ్గర పెట్టబోతుండగా, తల్లి ఆ పిల్ల నుదురు తడిమి చూసింది.

"ఒళ్లంతా చెమ్మ పట్టిందయ్యా. కాళ్లు చల్లబడుతున్నాయి," అంది.

లక్కన్న చెయ్యి ఆగిపోయింది. అవి పద్యంలోని మాటలు. చిన్నప్పటి అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. గోడ తప్ప ఎవరూ లేరు. చెమ్మ పట్టిన మందును మానమనా, ఒంటికి చెమ్మ పడితే మందు మానమనా? మాత్ర ఆపితే జ్వరం తిరగబెట్టవచ్చు. వేస్తే ఒంట్లో మిగిలిన కాస్త వేడీ దిగిపోవచ్చు. పిల్ల ఊపిరి సన్నగిల్లుతోంది. సూరమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆయన పద్యాన్ని మొదటినుంచి, మాట మాటా విడదీసుకుంటూ చదువుకున్నాడు. పై పాదాల్లో కాలే ఒడలుంది, ఎండిన నాలుకుంది. మందును నిలవచేసే ఊసే లేదు. చెమ్మ ఒంటిది. 'పట్టిన' అంటే పట్టినట్లయితే అని; అది పడితే మందు మానమని.

మాత్ర కింద పెట్టి, శొంఠిపొడి తెప్పించాడు. ఇద్దరూ చెరో అరికాలు పట్టుకుని రాస్తూ కూర్చున్నారు. పొద్దు వాలేసరికి పిల్ల గంజి అడిగింది.

భావనారాయణ మనసు కుదుటపడింది. అవసరం వచ్చేసరికి ఆయనే తెలుసుకున్నాడు గదా, పిల్ల బతికింది గదా అన్నాడు.

"బతికింది," అన్నారు ఆచార్యులవారు. "అంతకుముందు ఎందరికి ఆ మూడో మాత్ర వేశాడో లక్కన్న చెప్పలేదు. నేనూ అడగలేదు."