తథాస్తు దేవతలు ఎక్కిన ఓడ

అనగనగా, ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలు తుప్పు పట్టే ఒక రేవుపట్నంలో శరభయ్య శెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. ఆయనకు ఒకటే ఓడ, ముప్పై మంది ఓడవాళ్ళు. వాళ్ళను కన్నబిడ్డల్లా చూసుకునేవాడు, వాళ్ళతోనే సముద్రం మీదికి వెళ్ళేవాడు. మనిషి బంగారం. ఒక్కటే చాదస్తం. ఓడ మీద ఎవరూ కీడు మాట పలకకూడదు.

తథాస్తు దేవతలు తెరచాప కొయ్య మీదే కూర్చుని ఉంటారని, ఏ మాట వింటే అదే జరిపిస్తారని ఆయన భయం. ఆపదల సంగతి చూసుకోవడానికి ఓడ నడిపే సరంగు భీమన్న ఉన్నాడు కదా, మిగతావాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటే చాలుననేవాడు. పాపం, భీమన్నకు ఉన్నవి రెండే కళ్ళు. అవీ ఎప్పుడూ చుక్కాని మీదే ఉండేవి.

ఆ ఓడలో వంటవాడు నూకాలయ్య. నెమ్మదస్తుడు, శెట్టి మాట జవదాటడు.

ఒక ప్రయాణంలో తెరచాప మోకు నలిగి పీచు లేచింది. తాళ్ళు చూసేవాడు గమనించాడు. చెబితే కీడంటారని ఊరుకున్నాడు. మర్నాడు గాలి విసురుకు మోకు తెగి తెరచాప కూలింది. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు.

తర్వాత మంచినీళ్ళ పీపా అడుగున చెమ్మ నూకాలయ్య కంటబడింది. అతనూ ఊరుకున్నాడు. నాలుగు రోజులకు పీపా ఖాళీ. వాన పడేదాకా అందరికీ నాలుకలు పిడచగట్టుకుపోయాయి. తాను నోరు మూసుకోబట్టే వీళ్ళ నోళ్ళు ఎండాయని నూకాలయ్య లోలోపల కుమిలిపోయాడు.

మూడోసారి, పప్పు కోసం ఓడ అడుక్కి దిగితే కంది బస్తా తడిసి ఉబ్బి ఉంది. తడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు. పలకల సందులోంచి సముద్రం లోపలికి ఊరుతోంది.

ఈసారి ఊరుకోలేదు. పైకి వచ్చి అందరి ముందూ చెప్పేశాడు. శెట్టి చెవులు మూసుకుని, దేవతలు వింటారురా అన్నాడు.

"విననీండి బాబూ. దేవతలకైతే మనం చెప్పాలి. సముద్రానికి ఎవరూ చెప్పక్కర్లేదు, సందు కనబడితే చాలు," అన్నాడు నూకాలయ్య.

శెట్టి మెల్లగా చెవుల మీంచి చేతులు తీశాడు. ముప్పై మందీ కిందికి దిగారు. కొందరు నీళ్ళు తోడారు, కొందరు సందుల్లో నార కూరి గుగ్గిలం పూశారు. పొద్దుగూకేసరికి ఊట ఆగింది. అప్పుడు ఒక్కొక్కరే తల వంచుకుని, తాము చూసి దాచిన లోపాలు చెప్పుకొచ్చారు.

శెట్టికి కళ్ళు చెమర్చాయి. "ఇన్ని కళ్ళుండగా, భీమన్న కళ్ళతోనే ఓడ నడిపించాను నాయనా," అన్నాడు.

మర్నాటి నుంచి కొత్త ఆచారం వచ్చింది. పొద్దున్నే నూకాలయ్య గరిటె పట్టుకుని, ఏ కీడు చూశావని ఒక్కొక్కరినీ అడుగుతాడు. చెప్పందే గిన్నెలో అంబలి పడదు. శెట్టికీ అంతే. ఏమీ కనబడలేదన్నవాడు మళ్ళీ వెళ్ళి చూసి రావలసిందే. అన్నీ బాగుచేశాక శెట్టి, "మన ఓడ క్షేమం" అంటాడు. ముప్పై మందీ "తథాస్తు" అంటారు. కొయ్య మీద కూర్చున్నవాళ్ళు కూడా అనే ఉంటారు, ఆ ఓడ ఎన్ని తుఫానులొచ్చినా రేవుకు తిరిగి వస్తూనే ఉంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ ఎంచడం ఒక్కడికి అప్పగించే పని కాదు, అందరూ రోజూ చేసుకోవలసిన పని.