కొంగ మాస్టారి కొత్త పద్ధతి

అనగనగా, ఎండలు తొందరగా ముదిరే ఒక అడవిలో, మడుగు ఒడ్డున ఒక బడి ఉండేదర్రా. ఆ బడికి ఒక కొంగ మాస్టారు.

ఒకరోజు ఆయన ఒంటికాలి మీద నిలబడి, "పిల్లలూ! వేసవిలో మనకి నీళ్లు ఎక్కడ దొరుకుతాయో వెతికి రండి. తెలుసుకున్నది ఎలాగైనా చెప్పండి. పాడండి, ఆడండి, బొమ్మ గీయండి. అంతా మీ ఇష్టం!" అన్నారు.

పిల్లలు ఎగిరి గంతేశారు. అడవంతా తిరిగి వచ్చారు.

ముంగిస ఇసుకలో బొమ్మ గీసింది. ఎండిన వాగు, వాగు మలుపు, అక్కడ నేరేడు చెట్టు.

"బొమ్మ సరే. నమస్కారం ఏదీ?" అన్నారు మాస్టారు.

వడ్రంగిపిట్ట దుంగ మీద దరువు వేసింది. పొడి నేలకి టక్ టక్. నేరేడు చెట్టు కింద తడి నేలకి డుబ్ డుబ్.

"చెవులు నొప్పి!" అన్నారు మాస్టారు.

ఎలుగు పిల్ల నాటకం వేసింది. చెట్టు కింద ఇసుక తవ్వినట్టు, చెలమలో నీళ్లు ఊరినట్టు, గటగటా తాగినట్టు. ఆ తవ్వకంలో కాస్త ఇసుక మాస్టారి తెల్లటి రెక్కల మీద పడింది.

"ఇది బడా, సంతా?"

"మా ఇష్టం అన్నారు కదండీ!" అంది ఎలుగు పిల్ల బిక్కమొహంతో.

"అన్నాను. మీ ఇష్టం నాకు నచ్చేలా ఉండాలని మీకే తెలియాలి."

చివరికి గోరింక లేచింది. నీళ్లు వెతకడానికి అది కొమ్మ దిగి ఎక్కడికీ వెళ్లలేదు.

"పూజ్యులైన గురువుగారికి నమస్కారం. మన మడుగు ఎప్పటికీ ఎండదు. ఈ మాట గురువుగారే సెలవిచ్చారు."

మాస్టారి కళ్లు చెమర్చాయి. మొదటి బహుమతి గోరింకకే.

వేసవి వచ్చింది. మడుగు ఎండింది. బురద నెర్రెలు విచ్చింది. బడిలో చదివే జింక పిల్ల దాహంతో సొమ్మసిల్లి పడిపోయింది.

"గోరింకా, నీళ్లెక్కడ?" అన్నారు మాస్టారు.

గోరింక గొంతు సవరించుకుని, "పూజ్యులైన గురువుగారికి..." అని మొదలుపెట్టింది.

మాస్టారు ఆ ముగ్గురి దగ్గరికి పరుగెత్తారు. నోరు తెరిచారు. ఆ పరుగుకి గొంతు పూర్తిగా ఎండిపోయి మాట రాలేదు. రెక్కతో ముక్కు చూపించారు. కాలితో నేల గీకారు. జింక పిల్ల వైపు చూసి తల వాల్చేశారు.

"మాస్టారు నీళ్లు అడుగుతున్నారర్రా, పదండి!" అంది ఎలుగు పిల్ల.

జింక పిల్లని వీపున వేసుకుని అది ముందు నడిచింది. నేరేడు చెట్టు కింద ముంగిసా అదీ కలిసి ఇసుక తవ్వాయి. చల్లటి నీళ్లు ఊరాయి. వడ్రంగిపిట్ట ముక్కుతో తెచ్చి పోసిన చుక్కలకి జింక పిల్ల కళ్లు తెరిచింది. ఆ తర్వాతే మాస్టారు ముక్కు ముంచారు.

మాస్టారు మాట లేకుండా అడిగింది పిల్లలకి ఒక్కసారికే అర్థమైంది. పిల్లలు మాట లేకుండా చెప్పింది మాస్టారికి అర్థం కావడానికి మాత్రం ఒక మడుగు ఎండాల్సి వచ్చింది.

నీతి: నీకు నచ్చినట్టు చెప్పు అన్నవాడు, తనకు నచ్చినట్టు లేకపోయినా వినాలి.