గోడ మీది ముక్కు

మామిడి కాపుకొస్తే దొరగారికి తోటలో తిరిగే ప్రతివాడూ దొంగే. ఓ రోజు మేడమీంచి చూస్తే తోటమాలి పోలయ్య ఒడి ఉబ్బెత్తుగా కనిపించింది. వెతికితే ఒక్క పండూ దొరకలేదు.

"నా కళ్ళతో నేను చూశాను. ఊరొదిలి పో," అన్నారు దొరగారు.

పోలయ్య భార్య అంకమ్మ బొమ్మలు చేస్తుంది. ఓ బొమ్మ ముఖం తెచ్చి, దొరగారు కూర్చున్నచోటికి ఎదురుగోడకు తగిలించింది.

"దీని ముక్కెలా ఉంది దొరా?"

"కోటేరేసినట్టుంది."

"ఓసారి పట్టుకు చూడండి."

దొరగారు వెళ్ళి పట్టుకోబోతే వేళ్ళు గుంటలోకి పోయాయి. అది ముఖం కాదు, మట్టి అదిమే అచ్చు. తిరిగొచ్చి కూర్చుంటే ముక్కు మళ్ళీ ముందుకే కనిపించింది.

"ముఖాలు చూసి చూసి అలవాటుపడ్డ కళ్ళు కదా," అంది అంకమ్మ. "ఇంతకీ దొరా, ఆ ముక్కు కూడా మా ఆయనే ఎత్తుకుపోయాడంటారా?"