పాత స్కూటర్ పక్కకి ఎందుకు వంగుతుంది?

ఒకప్పుడు బాటలకి నోరుండేది. స్కూటర్లకి తోలేవాళ్లతో పనే లేదు. ఎక్కి కూర్చుని "పోదాం పా" అంటే చాలు, నిటారుగా నిలబడ్డవి నిలబడ్డట్టే బుర్రుమనేవి. ఎంత బాగుండేవో ఆ రోజులు! పొద్దున్నే తడిమట్టి వాసన, దాని మీద సన్నగా పెట్రోలు వాసన.

గుండ్లవాయిలో కుండలు చేసే శాయవ్వ వాకిట్లో మూడు స్కూటర్లుండేవి. పెద్ద చక్రాలున్నదాని పేరు ఎత్తుకాళ్లు. ఈల వేసినట్టు సన్నగా పోయేది బక్కోడు. చిన్న చక్రాలతో, పక్కన బొజ్జలా ఇంజను మోసేది బుడంకాయ.

ఆ రోజు పక్క ఊళ్లో లచ్చుమి పెళ్లి. శాయవ్వ ఎత్తుకుని ఆడించిన పిల్ల. సున్నం, ఎర్రటి జాజు పూసిన ఐరేని కుండలు పందిట్లోకి చేరితేనే పెళ్లి మొదలయ్యేది. ఒక్కటి పగిలినా అపశకునమని ఆపేస్తారు. కుండలు మోసే ఎడ్లబండి ఇరుసేమో పొద్దున్నే విరిగింది. ఇక స్కూటర్లే దిక్కు. బాట నిండా గుంతలే.

"ముందుగాల పాత కుండ పెట్టి చూస్త. ఎవడు పగలకుండ తిరిగొస్తడో చూద్దాం," అంది శాయవ్వ.

"గుంతలా? దాటుకుంటూ పోతా!" అంది ఎత్తుకాళ్లు. నిజమే, దాని పెద్ద చక్రాలు గుంతల్లో దిగబడలేదు. ఆ మిడిసిపాటుతోనే కల్వర్టు మీంచి ఎగిరి దూకింది. కుండ ఠప్!

బక్కోడికి ఒంట్లో బరువే లేదు. రాయి కనబడితే చాలు, మిడతలా ఎగిరాడు. వాడి కుండా ఠప్!

ఇక మిగిలింది బుడంకాయ.

"నువ్వా? నీ చక్రం గుంతలో పడితే తట్టలో ఎత్తుకు రావాలి రా!" పకపకా నవ్వాడు బక్కోడు.

బుడంకాయ మనసు చివుక్కుమంది. శాయవ్వ వైపు చూశాడు. ఆమె ఐరేని కుండల్ని వేలితో కొడుతూ, తల వంచి చెవి ఆనించి వింటోంది.

"ఏం వింటున్నవే అవ్వా?"

"నెర్రె ఎక్కడుందో కుండే చెప్తది బిడ్డా. మనం వంగి వినాలె, గంతే. పాత కుండలు అయిపోయినయ్. ఇగ ఇవే పెడుతున్న. లచ్చుమి పెళ్లి నీ మీదనే ఉంది."

 కుండలు ఎక్కించేలోపు బుడంకాయ బొజ్జ ఉన్న పక్కకి వంగి, బాటకి చెవి ఆనించాడు.

"అక్కా, నీకు ఎక్కడెక్కడ నొప్పి?"

 బాట మెల్లగా అంది: "ఇన్ని చక్రాలు నా మీంచి పోయినయ్. ఈ మాట అడిగినోడివి నువ్వొక్కడివే తమ్మీ. విను. తుమ్మచెట్టు కాడ ఎడమ అంచు గట్టిది. ఇసుకల అవ్వని దింపి నడిపించు. కల్వర్టు కాడ పాకుతున్నట్టు పో."

శాయవ్వని, కుండల్ని ఎక్కించుకుని బుడంకాయ అలాగే పోయాడు. ఆ అంచు పట్టుకుని, ఈ అంచు పట్టుకుని, ఊయలలా ఊగుతూ. ఒక్కచోట చక్రం గుంతలో పడింది. కుండలు కిణుక్కుమన్నాయి. శాయవ్వ కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే, అన్నీ భద్రం!

పందిట్లో డప్పులు మోగాయి. పసుపు మొహంతో లచ్చుమి పరుగెత్తుకొచ్చింది. "గీత గూడ పడలేదే అవ్వా!" అంటూ ఏడుపూ నవ్వూ కలిపేసింది.

అప్పటినుంచే పాత స్కూటర్ బయల్దేరే ముందు ఒక పక్కకి వంగుతుంది. బాట మాటలు మనకిప్పుడు వినబడవు. దానికి వినబడతాయి. అందుకే ఎన్ని కిక్కులు కొట్టినా ఊరికే నిలబడి, కాస్త వంచితే మాత్రం ఒక్క కిక్కుకే బుర్రుమంటుంది.